యోహాను బావగారి జీపుకు పోయకూడని నూనె

తార్నాక,
ఆదివారం, గుడి నుంచి రాగానే.

ప్రభువు ప్రేమలో ప్రియమైన సుగుణక్కకు, నీ తమ్ముడు రత్నరాజు రెండు చేతులూ జోడించి, వీలైతే కాళ్లు కూడా జోడించి చెప్పుకొను వందనములు. దేవుని దయవల్ల నేనిక్కడ క్షేమం. అక్కడ నువ్వు, అమ్మ, నాన్నగారు, బుజ్జిది, ఈనబోయే గేదె, అందరూ క్షేమమని తలుస్తాను. యోహాను బావగారి క్షేమం గురించి మాత్రం ఊరికే తలచి కూర్చోలేకపోతున్నాను. అందుకే ఈ ఉత్తరాన్ని తపాలాలో వేయకుండా, తిరిగి మన ఊరు వస్తున్న దానియేలు మాస్టారి చేతికిచ్చి పంపుతున్నాను.

మన ఇంట్లో ఉత్తరం వచ్చిందంటే నువ్వు అరుగు మీద నిలబడి చదవడం, వీధి వీధంతా చెవులు పెట్టి వినడం ఆచారం. ఈసారికి ఆ ఆచారాన్ని కాసేపు పక్కన పెట్టు. వంటింట్లోకి వెళ్లి ఒక్కదానివే చదువుకో. గట్టిగా చదవవలసిన చోటు వచ్చినప్పుడు నేనే చెబుతాను.

అసలు సంగతి ముందే రాస్తున్నాను. బుధవారం బావగారు నడిపే ఆ ఆసుపత్రి జీపు కొండ ఎక్కకూడదు. బ్రేకుల్లోని రబ్బర్లన్నీ విప్పి మార్చేదాకా అది వీధి మలుపు కూడా దాటకూడదు. నేను మామూలుగా ఆడే వేళాకోళాల్లో ఇది ఒకటి కాదు. వేళాకోళాలు కూడా రాస్తాను, లేకపోతే ఈ ఉత్తరం రాసింది నేనేనని మీరు నమ్మరు. కాని ఇది మాత్రం కాదు.

టెలిగ్రాం గొడవకు క్షమాపణలు. 'జీపు ఆపండి, బ్రేకు నూనె తప్పు' అని ఇంగ్లీషులో కొట్టించాను. గోకవరంలో టెలిగ్రాం అంటే చావు కబురే గాని మరొకటి కాదన్న సంగతి, నాలుగక్షరాలు ఎక్కువ చదువుకున్నందువల్ల కాబోలు, మరిచిపోయాను. మర్నాడు కార్డు మీద కారణం కూడా రాశాను. ఆ రెండింటికీ కలిపి బావగారు జవాబు రాశారు. పోస్టుమాను సైకిలు దిగకముందే అమ్మ గుండెలు బాదుకుందట. కవరు విప్పకముందే పక్కింటి రాహేలమ్మగారు నా మంచి గుణాలు ఎంచి ఎంచి ఏడ్చారట. బతికుండగా ఆవిడ నాలో ఒక్క మంచి గుణాన్నీ చూసి ఎరగరు. ఆ ఎంచినవేవో రాసి పంపితే దాచుకుంటాను. అమ్మకు మాత్రం నా తరపున చెంపలు వేసుకో. గట్టిగా వేసుకోకు, నావి కావుగా.

ఇక బావగారి కార్డులోని శ్రీసూక్తులు నీకు తెలుసో తెలియదో. "ఒరేయ్ రత్నం, నేను స్టీరింగు పట్టేనాటికి నీకు లాగు బొత్తాలు పెట్టుకోవడం రాదు. పెడలు రాయిలా ఉంది. జీపు కొత్తలో కూడా ఇంత మంచి బ్రేకు లేదు. నీ సీసాల చదువు సీసాల్లోనే పెట్టుకో. మొన్న ఘాటు రోడ్డు మీద చెట్టు పడి దారి మూసుకుందిగాని లేకపోతే వెళ్లి వచ్చేసేవాణ్ణే. వచ్చే బుధవారం డాక్టరమ్మగారిని, నర్సులను ఎక్కించుకుని మారేడుమిల్లి వెళుతున్నాను."

ఆ చెట్టు ఎవరిదో కనుక్కుని దానికి నా వందనాలు చెప్పు.

పెడలు రాయిలా ఉండడమే అక్కా నా భయం. ఎందుకో చెప్పాలంటే నేనిక్కడ చేసే ఘనకార్యం ఏమిటో మొదటినుంచి చెప్పాలి. అమ్మ కూడా ప్రతి ఉత్తరంలో అడిగిస్తోంది, "ఇంజనీరింగు చదివినవాడివి, అంత పెద్ద యూనివర్సిటీలో నువ్వు చేసే పనేమిటి నాయనా" అని. అమ్మకు చెప్పు: రబ్బరు ఉంగరాలను నూనెలో నానబెట్టి, ఉబ్బాయో లేదో చూసి పెట్టుట. జీతం కూడా ఇస్తారు.

మా లాబులో సిమెంటు దిమ్మలను నలిపి బలం చూసే పెద్ద ప్రెస్సు ఉంది. పంపు నూనెను తోస్తుంది, నూనె ఇనప స్తంభాన్ని తోస్తుంది, స్తంభం దిమ్మను నలుపుతుంది. ఈ తోపులాటలో నూనె పక్కనుంచి జారుకోకుండా స్తంభం చుట్టూ ఒక రబ్బరు రింగు ఉంటుంది. దాన్నే సీలు అంటారు. అది చెడిందంటే ఏనుగంత యంత్రమైనా పడిశం పట్టిన పిల్లాడిలా కారుతూ కూర్చుంటుంది. నేను వచ్చేనాటికి మా ప్రెస్సు పరిస్థితి అదే. రింగులు పై దేశంనుంచి రావాలి, వాటికి లైసెన్సు కావాలి, లైసెన్సు వచ్చేసరికి దిమ్మలకే మనవలు పుట్టుకొస్తారు. మా ప్రొఫెసరుగారు నన్ను పిలిచి, "రత్నరాజూ, ఇక్కడ దొరికే రబ్బరుతో ఇక్కడే చేయిద్దాం. ఏ రబ్బరో ఎంచి చెప్పే పూచీ నీది" అన్నారు. నేను రాజ్యభారం నెత్తికెత్తుకున్నవాడిలా తల ఊపాను.

సీలుకు రబ్బరు ఎంచడమంటే పెళ్లి సంబంధం చూడడమే అక్కా. పిల్లవాడు ఎంత బుద్ధిమంతుడైనా ఆ ఇంట్లో ఇమడాలి కదా. ఇక్కడ ఇల్లంటే నూనె. ఏ నూనె, ఎంత వేడి, ఎంత ఒత్తిడి, ఎంత రాపిడి అని అడిగి తెలుసుకోనిదే ప్రధానం ఉంగరం తొడగకూడదు. తోలు ఉంది, ముసలి వరుడు, ఓపిక ఎక్కువే గాని కొద్దికొద్దిగా కారడం అతని అలవాటు. చెట్టు పాలతో చేసే మామూలు రబ్బరు ఉంది, సరదా మనిషి, ఎంత లాగినా నవ్వుతూ మళ్లీ మొదటికి వస్తాడు, చౌక. కాని మెషీను నూనె కనబడిందా, తాగి తాగి ఉబ్బిపోతాడు. సిలికోను ఉంది, వేడికి జంకడు గాని కాస్త రాచుకుంటే చిరుగుతాడు, ధర వింటే జ్వరం మనకు వస్తుంది. ఇక నైట్రైలు రబ్బరని ఒకడున్నాడు. ఫ్యాక్టరీలో పుట్టి పెరిగినవాడు, మొహం నల్లగా మాడ్చుకుని ఉంటాడు గాని మెషీను నూనె ముట్టడు.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. అయితే మా ప్రొఫెసరుగారు పుస్తకం చెప్పిందని నమ్మే మనిషి కాదు. "నానబెట్టి చూడు" అన్నారు. మన గుళ్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకొమ్మంటారు చూడు, అదే పద్ధతి. రబ్బరును నూనెలో వేసి మూడు వారాలు ఊరుకోవడం. అభ్యంతరం ఉంటే నూనే చెబుతుంది.

రింగులు చేయించడానికి ముషీరాబాదు వెళ్లాను. అక్కడ కరీం భాయ్ అని, రబ్బరు అచ్చుపోసే చిన్న కార్ఖానా ఉంది ఆయనకు. మనిషి తేనె, కార్ఖానా కొలిమి. రెండు రకాల రబ్బరుతో చేసిపెట్టమంటే నా మొహం వంక జాలిగా చూశాడు.

"రెండు రకాలు ఏంది సాబ్? రబ్బర్ అంటే రబ్బరే. సైకిల్ల పెట్టు, బండిల పెట్టు, నీ మిషన్ల పెట్టు."

"మామూలు రబ్బరు నూనెలో ఉబ్బుతుంది కరీం భాయ్."

"ఉబ్బనియ్! ఉబ్బితే ఇంక టైట్ అయితది. టైట్ అయితే మంచిదే కద? ఖాలీ పీలీ పరేషాన్ అయితున్నవ్."

ఈ మాట గుర్తుపెట్టుకో అక్కా. ఉబ్బితే బిగుస్తుంది, బిగుస్తే మంచిదే కదా. బావగారు రాసింది కూడా అక్షరాలా ఇదే, ఉర్దూ లేకుండా.

కరీం భాయ్ వాదిస్తూనే రెండు రకాలూ చేసి ఇచ్చాడు. చాయ్ కూడా ఇచ్చాడు. మామూలు రబ్బరు రింగులు రెండు సీసాల్లో, నైట్రైలువి రెండు సీసాల్లో వేసి, అన్నింటిలోనూ ప్రెస్సు నూనె పోశాను. ఒక్కొక్క రకానికి రెండేసి ఎందుకంటే, ఒకటి అబద్ధమాడితే రెండోది పట్టిస్తుందని. సెలవుల్లో లాబుకు తాళం వేస్తారు, ప్రొఫెసరుగారేమో రోజూ చూడమన్నారు. అందుకని సీసాలను నా గదికి తెచ్చి కిటికీలో పెట్టుకున్నాను.

నా గది గురించి రాయలేదు కదూ. తార్నాకలో ముందు గది నాకు అద్దెకిచ్చిన ఆవిడ శాంతమ్మగారు. వీళ్లది మెదక్ వైపు పల్లెటూరు, మనలాగే గుడికి వెళ్లేవాళ్లు. భోజనం కూడా ఆవిడే పెడుతుంది. జొన్నరొట్టె, పుంటికూర. పుంటికూర అంటే మన గోంగూరేనని తెలియక మొదటిరోజు పరదేశపు వంటకం తింటున్నంత వినయంగా తిన్నాను. నేను అన్నంలో కారప్పొడి కలుపుకుంటుంటే ఆవిడ కళ్లల్లో నీళ్లు వస్తాయి. "గంత కారం తింటే కడుపుల మంట వెట్టినట్టు అయితలేదా బిడ్డా?" అంటుంది. ఇక్కడ వానలు కూడా మర్యాదస్తులు, మనలాగా తలుపులు బాది లోపలికి రావు. యూనివర్సిటీ వైపు సాయంత్రం నడిస్తే పెద్ద పెద్ద బండరాళ్లు, వాటి మధ్య సీతాఫలం చెట్లు, చల్లటి గాలి. బాగుంటుంది. కాని గోదావరి లేదు. మూసీ ఉందిగాని, వంతెన మీద నిలబడి చూస్తే పాపం మనమే కాసిని నీళ్లు పోసి వెళదామనిపిస్తుంది. గుళ్లో పాటలు మనవే, కాకపోతే ఇంకాస్త సాగదీసి పాడతారు. కళ్లు మూసుకుంటే నువ్వు పక్కవరసలో బుజ్జిదాన్ని గిల్లుతున్నట్టే ఉంటుంది. ఒంటరిగా ఉందా అని అడిగావు. ఆదివారం మధ్యాహ్నాలు కొంచెం ఉంటుంది. తక్కిన రోజులు రింగులున్నాయి.

సరే, మూడు ఆదివారాలూ గడిచాయి. సీసాలు విప్పాను. నైట్రైలు రింగులు రెండూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. మామూలు రబ్బరు రింగుల్లో ఒకటి ఉబ్బి, మెత్తబడి, నానిన గారెలా తయారైంది. రెండోది? చెక్కు చెదరలేదు! ఒకే అచ్చులో పోసిన కవలలు, ఒకే డబ్బాలో నూనె. ఒకడు తాగుబోతు, ఒకడు సన్యాసి. నేను పరమానందభరితుడనై, పుస్తకాలన్నీ తప్పని లోకానికి చాటే భాగ్యం ఇంత చిన్న వయసులోనే కలిగిందనుకుంటూ, రెండింటినీ పట్టుకుని ప్రొఫెసరుగారి దగ్గరికి పరుగెత్తాను.

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, రెండు రింగులనూ నొక్కి నొక్కి చూశారు.

"రబ్బరు ఒకటే?"

"ఒకటేనండి."

"నూనె ఒకటే?"

"ఒకటేనండి."

"అయితే ఈ రెంటిలో ఒకటి నువ్వు చూడనప్పుడు ఏదో చేసింది. వెళ్లి కనుక్కునిరా."

గదికి వచ్చి ఆ సన్యాసి సీసాను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చిన్నప్పుడు నువ్వు నా ముక్కు మూసి, రొమ్ము మీద మోకాలు పెట్టి తాగించావే, ఆ వాసన. ఆముదం! శాంతమ్మగారు వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"అమ్మా, ఈ సీసాలోకి ఆముదం ఎలా వచ్చింది?"

చేట ఆగిపోయింది. "ఎర్కయిందా బిడ్డా? నేను చెప్పొద్దనుకున్న."

"చెప్పమ్మా, ఏమీ అనుకోను."

"గా పిల్లి లేదూ, కిటికీలకెళ్లి దుంకింది. సీస బోర్ల పడ్డది. నీ నూనె అంత గోడకు కారింది. నువ్వేమో పొద్దుగాల లేస్తే గా సీసల మొకమే చూస్తుంటివి. ఖాళీ సీస చూస్తె నీ పానం ఎట్లయితదో అని, నా తలకు రాసుకునే ఆముదం జర పోసి, గా రింగును మల్ల దాంట్లనే ఏసి పెట్టిన. నూనె నూనెనే కద?"

"నూనె నూనే కాదమ్మా!"

"నూనె కాకుంటె ఏంది మరి, నీళ్లా?"

ఆ ప్రశ్న పట్టుకునే ప్రొఫెసరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన నవ్విన నవ్వుకు పక్కగదిలో గుమాస్తాలు లేచి వచ్చారు. నవ్వు ఆగాక చెప్పారు. భూమిలోంచి తీసిన నూనె వేరు, ఆముదం వేరు. భూమినూనెను చెట్టు రబ్బరు తాగేస్తుంది. ఆముదం జోలికి అది వెళ్లదు. "మోటారు బ్రేకుల్లో ఉండే రబ్బరు ఇదే. అందుకే బ్రేకు నూనెలో ఆముదం కలుపుతారు. తెలియక ఎవరైనా అందులో మెషీను నూనె పోశారో..."

"పోస్తే ఏమవుతుందండీ?"

"మొదట చాలా బాగుంటుంది. పెడలు గట్టిపడుతుంది. అదీ మోసం. ఉబ్బిన రబ్బరు పట్టేసి వెనక్కి రాదు, బ్రేకు వదలదు, చక్రం వేడెక్కుతుంది. ఆ తరవాత రబ్బరు మెత్తబడి చిరుగుతుంది. ఒకరోజు పెడలు తొక్కితే కాలు నేలకు ఆనుతుంది. బండి మాత్రం ఆగదు."

నేను బుద్ధిగా తల ఊపాను. బావగారు నా తలపులోకి కూడా రాలేదు. అదీ నా చదువు.

ఆ సాయంత్రమే దానియేలు మాస్టారు వచ్చారు. కళ్లు చూపించుకోవడానికి వచ్చి వారాసిగూడలో మేనల్లుడి ఇంట్లో దిగారని నీకు తెలుసుగా. నువ్వు పంపిన ఎండురొయ్యల పొట్లం అందింది. పొట్లం విప్పగానే ఇల్లంతా మన ఊరు వాసన. శాంతమ్మగారు ఆయనకూ కంచం పెట్టింది. మాస్టారు రొట్టెను ఎక్కడనుంచి మొదలుపెట్టాలో తెలియక చుట్టూ తిప్పి చూసుకుంటూ కబుర్లు మొదలెట్టారు.

"మీ బావ సామాన్యుడు కాదురా అబ్బాయ్. బ్రేకు నూనె రాజమండ్రిలో కూడా దొరకలేదు. ఆసుపత్రి పని ఆగుతుందా మరి? గేరుబాక్సుకు పోసే నూనె మిగిలితే తీసి అదే పోసేశాడు. ఇప్పుడు పెడలు చూడాలి. రాయేననుకో. ఆయ్."

చేతిలో ముద్దను కంచంలో పడేశాను.

"మాస్టారూ, ఏదైనా చక్రం వేడెక్కుతోందా?"

"నీకెలా తెలుసురా? నన్ను రాజమండ్రి స్టేషనులో దింపుతుంటే ముందు చక్రం దగ్గర ఒకటే కాలిన వాసన. ఇదేమిటి యోహానూ అంటే, మీ చుట్ట వాసన మాస్టారూ అన్నాడు. నేను చుట్ట మానేసి ఎంతకాలమైందిరా? పొరుగూరి వాళ్లక్కూడా తెలుసు."

నేను లేచాను. "అన్నం మీదికెళ్లి లేస్తరా కొడుకా!" అని శాంతమ్మగారు అరుస్తూనే ఉంది. చెయ్యి కడిగానో లేదో గుర్తులేదు, దొరికిన బస్సు పట్టుకుని సికింద్రాబాదు వెళ్లి, మీ అందరినీ ఏడిపించిన ఆ టెలిగ్రాం కొట్టించాను. కౌంటరు దగ్గర గుమాస్తా, "ఎవరికన్నా సీరియస్సా?" అని అడిగాడు. "ఇంకా కాదండి" అన్నాను. ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదు అక్కా.

మధ్యలో ఒక మంచి కబురు. నైట్రైలు రింగు ప్రెస్సుకు తొడిగాం. కరీం భాయ్ తన చేత్తో చేసినదాన్ని తన కళ్లతో చూసుకుంటానని వచ్చాడు. ఒత్తిడి ఎక్కిస్తూ పోయాం, దిమ్మ ఫెళ్లున పగిలింది, స్తంభం చుట్టూ ఒక్క చుక్క లేదు. నానిన గారెలాంటి ఆ తాగుబోతు రింగును కరీం భాయ్ చేతిలో పెట్టాను. నొక్కాడు, గోరుతో గీరాడు, చిన్న ముక్క ఊడి వచ్చింది. "తోబా! నా మాల్ గిట్లయిందా?" అని, ఇక నూనె మిషన్లకు మామూలు రబ్బరు వేయనన్నాడు. ప్రొఫెసరుగారు నా భుజం తట్టి, వచ్చే ఏడాది కూడా ఉండమన్నారు. నాన్నగారికి ఈ ముక్క రెండుసార్లు వినిపించు, మొదటిసారి నమ్మరు.

కరీం భాయ్ మనసు మారింది నా మాటలవల్ల కాదు, చేత్తో నొక్కి చూడడంవల్ల. అందుకే మాస్టారి సంచీలో ఆ కవలలు రెండింటినీ పంపుతున్నాను. ఒకటి మెషీను నూనెలో నానింది, ఒకటి ఆముదంలో నానింది. ఏమీ చెప్పకుండా బావగారి చేతిలో పెట్టు. వాటితోపాటు సికింద్రాబాదులో మోటారు సామాన్ల దుకాణంలో కొన్న కొత్త బ్రేకు రబ్బర్లు, రబ్బరు గొట్టాలు, బ్రేకు నూనె డబ్బా ఉన్నాయి. పాత నూనె మొత్తం తీసేసి, గొట్టాల లోపల స్పిరిటుతో కడగాలి. స్పిరిటు ఆసుపత్రిలోనే ఉంటుంది. కిరసనాయిలు, పెట్రోలు దగ్గరికి కూడా రానివ్వకూడదు, అవీ ఆ తాగుడు బాపతే. పాత రబ్బరు ఒక్కటి కూడా, బాగానే ఉందనిపించినా, తిరిగి వేయకూడదు. ఇంకొకటి. ఆముదం మంచిదని రాశాను కదా అని అమ్మ ఆముదం సీసా తీసి బ్రేకులో పోసేయకండి. అది ఒట్టిగా పోస్తే మరీ చిక్కన, బ్రేకు నూనెలో దాన్ని పలచబరిచి కలుపుతారు. మన ఇంట్లో ఎవరు ఏం చేస్తారో నాకు తెలుసు, అందుకని రాస్తున్నాను.

ఇప్పుడు కన్నీళ్లు, నవ్వులు ఏమైనా ఉంటే తుడుచుకుని అరుగు మీదికి రా. అందరినీ పిలువు. బావగారు జీపు తుడుస్తూ వినిపించుకోనట్టు ఉంటారు, పరవాలేదు. ఈ కిందనుంచి గట్టిగా చదువు.

మహారాజశ్రీ యోహాను బావగారి సముఖమునకు బావమరిది రత్నరాజు వందనములు. బావగారూ, బ్రేకు నూనె ఊళ్లో దొరకనప్పుడు, కొండమీద రోగులు ఎదురుచూస్తుంటారని మీరు చేతికి దొరికిన నూనె పోశారు. జీపు ఆపి ఇంట్లో పడుకునే మనిషైతే ఆ పని చేయడు. మీరు రాసిన కార్డును మా ప్రొఫెసరుగారికి చదివి వినిపించాను, లాగు బొత్తాల ముక్కతో సహా. ఆయన ఆ ముక్క రెండోసారి చదివించుకున్నారు. తరవాత ఇలా అన్నారు. ఇది నేను కల్పించినది కాదు, దానియేలు మాస్టారు పక్కనే ఉన్నారు, ఆయన్ని అడగండి. "మన దగ్గర సీసాల్లో నానినవే ఉన్నాయి రత్నరాజూ. బండిలో ఉండి, దారిలో నడిచి, మెషీను నూనె తాగిన బ్రేకు రబ్బరు ఒక్కటి కూడా లేదు. కుర్రాళ్లు సీసాను నమ్మరు, చక్రాన్ని నమ్ముతారు. ఆయన విప్పి పంపితే మన లాబు అద్దాల బీరువాలో పెడదాం." కాబట్టి చక్రాల దగ్గరుండే ఆ చిన్న రబ్బరు గిన్నెలను, మీకు తీరికైనప్పుడు కాదు, బుధవారానికి ముందే, మీ చేత్తోనే విప్పి, తుడవకుండా, కడగకుండా డబ్బాలో పెట్టి పంపమని యూనివర్సిటీవారి ప్రార్థన. వాటి కింద కార్డు మీద 'గోకవరం యోహానుగారి జీపులోనివి' అని ఏ అక్షరాల్లో రాయాలో, తెలుగులోనా ఇంగ్లీషులోనా, అది కూడా మీరే సెలవివ్వండి. విప్పిన గిన్నె, నేను పంపిన కొత్త గిన్నె పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ సమానంగా ఉంటే, నేను తెలివితక్కువవాణ్ణని గుళ్లో అందరిముందు నిలబడి ఒప్పుకుంటాను. సమానంగా లేకపోతే మీరు ఎవరిముందూ ఏమీ ఒప్పుకోనక్కరలేదు. డాక్టరమ్మగారు ఒక్క బుధవారం బస్సులో వెళతారు. ఆ తరవాత ఎన్నో బుధవారాలు మీరే తీసుకెళ్లాలి, మీ పక్కన ఎక్కి హారను కొట్టడానికి బుజ్జిది ఉండనే ఉంది.

ఇక్కడ ఆపు అక్కా. ఉత్తరం మడిచేయి, తక్కినది ఏమిటని ఎవరైనా అడిగితే ఎండురొయ్యలు బాగున్నాయని రాశాడని చెప్పు. నిజంగానే బాగున్నాయి. ఈసారి కందిపొడి కూడా పంపు.

బావగారు నీ చేతిలోంచి ఆ రెండు రింగులూ తీసుకుంటారు. కాసేపు నొక్కి చూస్తారు. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళతారు. వెంట వెళ్లకు. కిటికీలోంచి కూడా చూడకు. చాలాసేపటిదాకా చప్పుడేమీ లేకపోతే మాస్టారికి కబురుపెట్టు. జీపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాను, తొక్కించుకుని వెళితే వెళ్లనీ అని ఆయన నాకు మాట ఇచ్చారు. కాని అంతదూరం రాదని నా నమ్మకం. నాకు తెలిసిన బావగారు బండి మీద ప్రేమకొద్దీ తప్పు చేసే మనిషే గాని, పంతంకొద్దీ చేసే మనిషి కాదు. చక్రం కింద జాకీ పెడుతున్న చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు పొయ్యిమీద పాలు పెట్టు. మంచి కాఫీ కలిపి, నల్లబడిన ఆయన చేతికి గ్లాసు ఇచ్చి, ఏమి విప్పుతున్నారని మాత్రం అడక్కుండా వచ్చేయి.

నాన్నగారికి, అమ్మకు నా వందనములు, వారి దీవెనలు నాకు కావాలి. రాహేలమ్మగారికి, గుళ్లో పెద్దలందరికీ నేను అడిగినట్టు చెప్పు. బుజ్జిదానికి ముద్దులు. మీ ప్రార్థనల్లో నన్ను మరిచినా, బావగారి నాలుగు చక్రాలను మరువవద్దని వేడుకుంటూ,

నీ తమ్ముడు,
రత్నరాజు